కొడుకుకూ గొడుగుకూ నడుమ

జూలై 19, 2025. శనివారం.

కొడుకుకూ గొడుగుకూ తేడా తెలియని స్థితికి పంకజం వచ్చేసిందని ఊళ్లో చెప్పుకుంటున్నారట. అది తప్పు. రాజపాళయంలో ఈ రోజుకు ఆ తేడా స్పష్టంగా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

ఈ వార్త నాకు చేరవేసినది పాలు పోసే ముత్తుమారి. వాకిట్లో నిలబడి, "అమ్మా, మీకు మరపు జబ్బు వచ్చినాదంట గదా?" అని నన్నే అడిగింది. తక్కినవాళ్లెవరికీ లేని మర్యాద అది. సమాధానంగా పదిహేడో ఎక్కం మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాను. శ్రద్ధగా విని, "సరిగ్గానే చెప్పినారా?" అంది. నిజమే. నేను చెప్పినది తప్పో ఒప్పో ఆమెకెలా తెలుస్తుంది? ఈ వారంలో నేను విన్న ప్రశ్నలన్నిటిలోకీ తెలివైనది అదే.

మా సంఘం కార్యదర్శి కోదండరామ, నన్ను ‘అత్తా’ అని పిలిచే వరసవాడు, మదురైలో ఒక డాక్టరు దగ్గర నాకు ఆగస్టు ఆరవ తేదీకి సమయం తీసుకున్నాడు. నన్ను అడగలేదు. నాకు తోడుగా మా వదిన చెల్లమ్మ వస్తుందట. డాక్టరు ‘అవును’ అంటే ఈ ఇంటికి తాళం వేసి నన్ను చెల్లమ్మ ఇంటి మేడ గదిలో ఉంచుతారట. ఆ గదికి అప్పుడే సున్నం కూడా కొట్టించారని ముత్తుమారే చెప్పింది.

కాలేజీలో గణితం చెప్పినదాన్ని. నిరూపణ అంటే నాకు భయం లేదు. జరిగినది వరుస తప్పకుండా ఇక్కడ రాసి చూసుకుంటాను. రాయగలిగితే మతి ఉన్నట్టే.

జూలై 20. ఆదివారం.

మొదట పాటల సంగతి.

తమిళనాట ఉన్నా మేము ఇళ్లలో తెలుగు మాట్లాడతాం. రాయడం మాత్రం తమిళ అక్షరాలతోనే. తెలుగు అక్షరాలు ఈ ఊళ్లో ఎవరికీ రావు. మద్రాసు హాస్టల్లో నా గదిలో ఉండిన నెల్లూరు అమ్మాయి నేర్పింది కాబట్టి నాకు వచ్చాయి. అందుకే ఈ డైరీ నేను ‘వచ్చాను, వెళ్లాను’ అని ఆమె లాగే రాస్తాను. నోటితో మాత్రం మా అమ్మ లాగే ‘వచ్చినాను, పోయినాను’ అంటాను.

మా అమ్మ కాలంలో ఇక్కడి మహిళా సంఘంవాళ్లు పెళ్లిపాటలన్నీ సేకరించి, తమిళ అక్షరాలలో సైక్లోస్టైల్ తీసి, ఇంటింటికీ పంచారు. ఆ కాగితాలను తెలుగు అక్షరాలలోకి మార్చి పుస్తకంగా తేవాలని కొన్నేళ్ల కిందట కోదండరామ నన్ను అడిగాడు. అది చిన్న పని కాదు. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకు ఒకటే. ప, బ లకు ఒకటే. మధ్యలో అక్షరాన్ని రెట్టించి తేడా చూపవచ్చు గాని, కల్యాణమండపంలో పాడుకోవడానికి రాసుకున్న ఆడవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? గంప, కంప ఒకటే రాత. బొట్టు, పొట్టు ఒకటే రాత. కొడుకు, గొడుగు ఒకటే రాత. కాబట్టి ఒక్కొక్క పాటకూ ఆ పాట తెలిసిన ఇంటికి వెళ్లి, పాడించుకొని, చెవితో తేల్చుకొన్న తరువాతే రాసేదాన్ని. నిదానంగా సాగింది. కోదండరామకు విసుగు పుట్టింది.

మొన్న ఆని మాసం చివర, జూలై రెండో వారంలో, జనని సెలవు పెట్టి వచ్చింది. చెల్లమ్మ మనవరాలు. చెన్నై కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. నా బల్ల మీదున్న కాగితాలను ఫోనుతో ఫొటోలు తీసుకొని వెళ్లింది. రెండు మధ్యాహ్నాలు గడిచేసరికి పుస్తకం సిద్ధం. పుస్తకమే కాదు, ఒక యాప్ కూడా. పాటను వేలితో తాకితే తెలుగు అక్షరాలలో, తమిళ అక్షరాలలో, ఇంగ్లీషు అర్థంతో కనిపిస్తుంది. ఇంకోసారి తాకితే ఒక స్త్రీ కంఠం పాడుతుంది. ఇదంతా జనని టైపు చేయలేదు. ఏమి కావాలో యంత్రానికి మాటలతో చెప్పింది. అది చేసిపెట్టింది.

నేను దానిని చులకన చేయను. నిజంగా ఆశ్చర్యపోయాను. మా అమ్మ అక్కచెల్లెళ్ల గొంతులు ఆ కాగితాలలో ఎండిపోయి ఉండినవి, ఒక్కసారిగా తడిసి లేచి కూర్చున్నట్టు అనిపించింది. నేను ఒక జీవితకాలంలో చేయలేనిది కళ్లముందే అయిపోయింది. ఈర్ష్య పడ్డానని చెల్లమ్మ అంటోంది. లేదు. మండుటెండలో నడిచి వచ్చిన మనిషి జలపాతం చూసి ఈర్ష్య పడదు.

తరువాత గొడుగు పాట తాకాను.

జూలై 21. సోమవారం.

గొడుగు పాట.

మా ఇళ్లలో పెళ్లికి పిల్ల తరఫువారు పిల్లవాడికి గొడుగు ఇస్తారు. ఇచ్చిన వెంటనే పిల్లవాడి తరఫు ఆడవాళ్లు దానిని విప్పి చూసి, తిప్పి చూసి, వియ్యాలవారిని ఎగతాళి చేస్తూ పాడతారు. నాకు తెలిసినది ఇది (ఆడి అంటే జూలై నడుమ మొదలయ్యే గాలుల నెల):

నలుగురి ముందర ఇచ్చిన గొడుగు
నడి తోవలో విరిగిన గొడుగు
ఆడి గాలికి ఎగిరిన గొడుగు
అడిగి పిలిచితే రాని గొడుగు

ఇంకొక చరణం ఉండాలి. కాగితంలో ఆ చోట పురుగు తినేసింది. అందుకే ఈ పాటను నేను చివరికి అట్టే పెట్టాను.

యంత్రం దానిని ‘కొడుకు’ అని చదివింది.

ఇప్పుడు పై నాలుగు పంక్తులూ కొడుకు పెట్టి చదివి చూడాలి. నేను చదివాను. చదివి, ఫోను బల్లమీద బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. ఒక్క అక్షరం. నవ్వు అంతా తిరగబడి కడుపుకోత అయింది. పైగా అది అంతటితో ఆగలేదు. పురుగు తిన్న చోటును తానే నింపింది:

వాకిలి తెరిచే ఉంచాను కొడుకా
వాన నీ అడుగులు కడిగింది కొడుకా
పిలిచిన పేరు గోడకు తగిలి
నా ఒడిలోనే పడింది కొడుకా

ఇది ఎవరూ పాడలేదు. మా ఊళ్లో ఏ ఆడదీ ‘ఉంచాను’ అనదు, ‘ఉంచినాను’ అంటుంది. నిరూపణకు అది చాలు. కోదండరామకూ చెల్లమ్మకూ ఇదే చెప్పాను; అప్పటికే యాప్ పాట ఊరంతా విన్నది, మరపు నాదే అన్నారు.

అయినా మూడో పంక్తి దగ్గర ఆగి మళ్లీ చదివాను. పిలిచిన పేరు గోడకు తగిలి తిరిగి వచ్చి పిలిచినామె ఒడిలోనే పడడం. ఒడి లేనిది, పిలవడం ఎరుగనిది, ఇది ఎలా రాసింది?

జూలై 22. మంగళవారం.

గాలి విపరీతంగా ఉంది. చెల్లమ్మ కొడుకు నరేన్ గురించి ఇక్కడ రాయను.

జూలై 23. బుధవారం.

చెల్లమ్మ వచ్చింది. ఆటో దిగేటప్పుడే వీధంతా వినిపించేలా గాలిని తిట్టింది. మా అన్నయ్య పోయిన నాటినుంచి బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల షెడ్డు తానే నడిపిస్తోంది. మగ్గాల మోతలో బతికిన మనిషికి నెమ్మదిగా మాట్లాడడం చేతకాదు.

కూర్చోకముందే చేతిలోని నల్ల గొడుగు నా ముఖం ముందుకు ఎత్తి పట్టింది.

"ఏమ్మే పంకజం, ఇది ఏమి? చెప్పు చూస్తాము."

"గొడుగు."

"ఆహా! ఇది దా తెలుసునే. పాటలో మట్టుం ఏమిటికి తెలియలే?"

ఇదే తెలిసినదానికి పాటలో మాత్రం ఎందుకు తెలియలేదని ఎత్తిపొడుపు. కొడుకులు ఉన్నవాళ్లకు ఆ పాట అర్థమవుతుందని, ఎక్కాలతోనూ ఎలక్ట్రిక్ కుక్కరుతోనూ కాపురం చేసేవాళ్లకు కాదని అంది. ఆమె ఎగతాళి నాకు అలవాటే; నా ఇరవయ్యో ఏట మా ఇంటికి కోడలిగా వచ్చింది, అప్పటినుంచీ ఆ నాలుక అంతే. నేను కాఫీ కలిపి ఇచ్చాను. చక్కెర ఎక్కువైందని, చూశావా మరపు అని మళ్లీ అంది.

తరువాత, కాఫీ చల్లారిపోతుండగా, తానుగానే ఆ పాట ఎత్తుకుంది. నేను ఊహించలేదు. నరేన్ పోయినప్పటినుంచి చెల్లమ్మ ఏ పెళ్లిలోనూ పాడలేదు. ఏడవగా కూడా ఎవరూ చూడలేదు. అంత్యక్రియలు ముగిసిన మరునాడే షెడ్డుకు వెళ్లి మగ్గాలు నడిపించిన మనిషి.

"వాకిలి తెరిచే ఉంచినాను కొడుకా" అని పాడింది.

ఉంచినాను.

నా నిరూపణ అక్కడే కూలిపోయింది. యంత్రం కట్టిన మాటకు, పట్టుమని పక్షం కాకముందే, మా ఊరి యాస వచ్చేసింది. ఇక దానిని ఎక్కడ పట్టుకొని పరాయిదని చూపించను? ఎంత నేర్పు! యంత్రానిది కాదు, చెల్లమ్మ గొంతుది.

ఈ పాట నీకు ఎలా తెలుసని అడిగాను. తన అత్తగారు, అంటే మా అమ్మ, పాడేదని అంది. మా అమ్మ! తొట్టి దగ్గర గుడ్డలు ఉతుకుతూ పాడేదట. ఎంత వివరంగా చెప్పిందంటే, ఒక్క క్షణం నాకూ మా అమ్మ వంగిన వీపు, తడిసిన చేతులు, ఆ రాగం, అన్నీ కనిపించాయి.

జూలై 24. గురువారం.

మా అమ్మ ఆ పాట పాడలేదు. మా అమ్మ ఆ పాట పాడలేదు.

జూలై 26. శనివారం.

జనని వారాంతానికి వచ్చింది. అడిగాను: నువ్వు తయారు చేసినదాన్ని ఎవరు సరిచూశారు?

ముందు నవ్వింది. అప్పుడు నిజం చెప్పింది. దాని మంచితనం అది, తండ్రి నరేన్ గుణం. తాను ఉద్యోగంలో చేరినప్పుడు ఒక చిన్న మార్పుకు కూడా పెద్ద ఇంజినీరు పక్కన కూర్చుని ప్రతి పంక్తికీ ‘ఇది ఎందుకు’ అని అడిగేవాడట. కన్నీళ్లు వచ్చేవట. ఇప్పుడు యంత్రం గుట్టలు గుట్టలుగా రాసి ఇస్తుంది. అంత ఎవరు చదువుతారు? సరిచూడవలసినవాడు కూడా యంత్రాన్నే అడిగి, బాగుందని పంపేస్తాడట.

"ఓడితే చాలు అవ్వా. ఓడుతుంది కదా, అప్పురం లోపల ఏమి ఉంటే ఏమి అని అందరూ విడిచినారు." ఓడడం అంటే ఇక్కడ నడవడం, పనిచేయడం; అప్పురం అంటే ఆ తరువాత. నడుస్తోంది కాబట్టి లోపల చూడనక్కరలేదట.

షెడ్డులో మీ తాత వెలుతురు బల్ల పెట్టించాడు, గుర్తుందా అన్నాను. కింద దీపం, పైన అద్దం. బ్యాండేజీ గుడ్డను దాని మీదుగా లాగుతూ ఎక్కడ పోగు తప్పిందో మనిషి కళ్లతో చూసేవారు. నేసిన మగ్గాన్నే పిలిచి గుడ్డ బాగుందా అని అడిగేవారు కారు.

జనని ఫోను సంచిలో పెట్టేసింది. తరువాత నెమ్మదిగా అడిగింది: "అవ్వా, అయితే నేను చేసినది చెడ్డదా?"

చెడ్డది కాదు. అదే కష్టం. చెడ్డదైతే నాకు ఇంత పని ఉండేది కాదు. మునుపు తప్పుకు ఒక ముఖం ఉండేది. అక్షరం వంకరగా ఉంటే, వాక్యం కుంటితే, ఇక్కడేదో లోపం ఉందని తెలిసేది. ఇప్పుడు తప్పు కూడా ఒప్పంత అందంగా, ఒప్పు కంటే అందంగా, స్నానం చేసి బొట్టు పెట్టుకొని వస్తోంది. వాకిట్లో నిలబెట్టి ‘నువ్వు ఎవరింటిదానివి’ అని అడగడానికి మనసొప్పదు.

ఈ మాటలన్నీ జననితో అనలేదు. దాని తల నిమిరాను.

జూలై 27. ఆదివారం.

కోదండరామ ఫోను. ఆడి తరువాత వచ్చే ఆవణి మాసపు వార్షికోత్సవంలో పుస్తకం విడుదల ఖాయమట. ‘సంపాదకత్వం: పంకజం’ అని అట్టమీద వేయిస్తాడట. నాకు ఒంట్లో బాగోలేదు కాబట్టి మళ్లీ చదవక్కరలేదట, సంతకం చాలట.

"అత్తా, అది తెలుగు రాతలో ఉంటుంది. మనవాళ్లలో ఎవరు చదవబోతారు?"

నాకు బాగానే ఉంది.

జూలై 30. బుధవారం.

రాయాలి. వరుసగా రాస్తానని మాట ఇచ్చుకున్నాను.

సెలవు పొడిగించుకొని ఇక్కడే ఉన్న జనని నిన్న ఒక పెన్‌డ్రైవ్ తెచ్చింది. వాళ్ల అమ్మానాన్నల పెళ్లి వీడియో. పాత క్యాసెట్టును కోయంబత్తూరులో ఎవరి చేతనో మార్పించిందట. ‘మీరు చెప్పినట్టు ఆ పాట పెళ్లిదే అయితే ఇందులో ఉండాలి కదా అవ్వా’ అంది. నాకు తట్టని ఆలోచన. నా గణితం దానికి అబ్బింది.

మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి ఇద్దరం చూశాం.

నరేన్ సన్నగా ఉన్నాడు. మెడలో దండ ఎక్కువ బరువైనట్టు తలను ఒక పక్కకు వంచి నిలబడ్డాడు. లెక్క తెగనప్పుడు నా బల్ల దగ్గర అలాగే నిలబడేవాడు. పిల్ల తరఫువారు గొడుగు ఇచ్చారు. అప్పుడు చెల్లమ్మ, నా కంటే లావుగా, నిగనిగలాడుతూ, లక్క ఎరుపు అరక్కు రంగు పట్టుచీరతో, ఆ గొడుగు లాక్కొని, కొడుకు నెత్తిన విప్పి పట్టి, అందరికంటే ముందు తానే ఎత్తుకుంది: "నలుగురి ముందర ఇచ్చిన గొడుగు..."

గొడుగు. స్పష్టంగా. మండపం అంతా నవ్వు. రెండో పంక్తికి సరిగ్గా గొడుగు ఒక వైపు ఊచ నిజంగానే ఊడింది. చెల్లమ్మ నవ్వలేక నవ్వలేక వంగిపోయింది. కెమెరా కదిలిపోయింది, తీసేవాడు కూడా నవ్వాడు కాబోలు. ఆ తరువాత పురుగు తిన్న చరణం వచ్చింది. తానే పాడింది:

చిల్లుల గొడుగులో చుక్కలు చూసి
చూసి చూసి మెడ నొచ్చినాది
మా పిల్లవాడికి జోస్యం వచ్చె
మీ పిల్లదానికి దోశ మాడె

అంతే. నాలుగో పంక్తికి మూడో పంక్తితో సంబంధం లేదు. ప్రాస కోసం దోశను ఎక్కడినుంచో లాక్కొచ్చారు. ఛందస్సు కుంటింది. యంత్రపు చరణం పక్కన పెడితే ఇది పేలవం. నిజాయితీగా మార్కులు వేస్తే దీనికి ఉత్తీర్ణత లేదు. కాని ఇది జరిగింది. ఈ చెత్త చరణాన్ని నోళ్లున్న ఆడవాళ్లు కట్టారు, ఒక మధ్యాహ్నం, గొడుగు కింద ఒక పిల్లవాడు సిగ్గుపడుతుండగా.

ఆశ్చర్యం నాకు ఎక్కడ కలగాలో, ఇన్నాళ్లూ అక్కడ కలగలేదేమో.

జనని తండ్రినే చూస్తోంది. తాను ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పోయాడు. ఆడి మాసం, శ్రీవిల్లిపుత్తూరు తోవలో, బండి మీద, గాలి. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాం.

జూలై 31. గురువారం.

పెరట్లో గుడ్డలు ఆరేస్తూ నేను పాడుకుంటున్న పాట యంత్రానిది. ‘ఉంచినాను’ అనే పాడాను.

ఆగస్టు 2. శనివారం.

జనని సమస్య తీర్చేశానని సంతోషంగా వచ్చింది. యంత్రానికి చెబితే కొడుకు అంతా గొడుగు అయిపోతుందట, చరణం మారిపోతుందట, కంఠం కూడా నవ్వుతూ పాడుతుందట. "రెండు నిమిషం దా అవ్వా. వీడియో కూడా పెట్టేస్తాము. మీకు మరపు అని ఎవరూ చెప్పలేరు."

నిజమే. తప్పు చేయడం ఎంత సులభమో దిద్దడమూ అంతే సులభం. యాప్‌లో రెండు నిమిషాలు. చెల్లమ్మలో?

ఇద్దరం కలిసి చెల్లమ్మ ఇంటికి వెళ్లాం. పెన్‌డ్రైవ్ జనని సంచిలో ఉంది. షెడ్డు ముందు తెల్లని గుడ్డ తాళ్లమీద ఆరుతూ గాలికి కొట్టుకుంటోంది. చెల్లమ్మ మగ్గాల మధ్య నిలబడి పాడుకుంటోంది. మోతలో మాట వినిపించదు, పెదవులు కనిపిస్తున్నాయి. మమ్మల్ని చూసి ఆపలేదు. ముఖం తడిసి ఉంది. తుడుచుకోలేదు కూడా. పనివాళ్లు చూస్తున్నారనే లక్ష్యమే లేదు.

బయటికి వచ్చి కూర్చున్న తరువాత నేను మెల్లగా మొదలుపెట్టాను. పెళ్లిలో నువ్వే ఏదో గొడుగు పాట పాడిన గుర్తు, అన్నాను. చెల్లమ్మ నన్ను చూసి మొదటిసారి ఎగతాళి చేయలేదు.

"పంకజం, నువ్వు గొడుగు అంటే గొడుగు దా. నాతో తగువు వద్దు. నాకు ముందర ఎవరో ఒక తల్లి ఇట్లే ఏడ్చినాదే, ఏడ్చి పాట కట్టి పెట్టి పోయినాదే, అది చాలు నాకు. ఇన్ని దినాలు నేనొక్కదాన్నే అనుకొని ఉంటిని."

మగ్గాలు ఆగలేదు. జనని సంచి జిప్పు తెరిచిన చేయి అక్కడే ఉంది. నేను జననివైపు చూశాను. అది జిప్పు మూసింది.

వచ్చేటప్పుడు చెల్లమ్మ వీధి దాకా వచ్చి, మదురైకి ఇద్దరం కారులో పోదామని, డాక్టరు ముందు నేను నోరు జారకుండా తాను చూసుకుంటానని అంది. మేడ గదికి కొత్త పరుపు చెప్పిందట. ప్రేమే. అది కాదనను.

ఆగస్టు 3. ఆదివారం.

కొలత ఏమిటి? అందమా? అందంలో యంత్రం గెలిచింది. ఉపయోగమా? ఇరవై ఏళ్లుగా మేమెవరం చేయలేనిది ఒక తప్పుడు అక్షరం చేసింది, చెల్లమ్మ ఏడ్చింది. ఇక మిగిలినది ఒక్కటే: దీనికి నేను పూచీ అని ఒక మనిషి నిలబడి చెప్పగలగడం. ఇంతకాలం నాణ్యత అంటే నేను అనుకున్నది పనితనమని. కాదేమో. పూచీ పడ్డ మనిషి పేరేమో.

అట్టమీద నా పేరు ఉంటుంది.

ఆగస్టు 5. మంగళవారం.

ఉదయం షేర్ ఆటో ఎక్కి అచ్చుకూటానికి వెళ్లి వచ్చాను. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఎడమ పేజీ తెలుగు అక్షరాలు. అక్కడ గొడుగు అనే ఉంటుంది. దోశ మాడిన చరణంతో సహా, ఎవరు ఏ పెళ్లిలో పాడారో కింద చిన్న అక్షరాలలో.

కుడి పేజీ తమిళ అక్షరాలు. ఊళ్లో అందరూ చదివేది దానినే. అక్కడ నేను దేనినీ దిద్దలేదు. మా అమ్మ కాలపు కాగితంలో ఎలా ఉందో అలాగే, పురుగు తిన్న చోటు ఖాళీగా, ఆ ఒకే రాతతో. ఆ రాతను గొడుగని చదివేవాళ్లు గొడుగని చదువుతారు, కొడుకని చదివేవాళ్లు కొడుకని. ఆ అక్షరం ఎప్పుడూ ఇద్దరినీ మోసింది. ఇన్నేళ్లుగా దాని లోపమని విసుక్కున్నాను.

పుస్తకం చివరిలో, వేరే పేజీలో, యంత్రపు చరణం ‘ఉంచినాను’తో. శీర్షిక: చెల్లమ్మ పాట. తన పేరు చూసుకుంటే చెల్లమ్మ వేరుగా ఎందుకుందని అడగదు. అడిగితే, నీ పేరు పెట్టాలని అంటాను. అదీ నిజమే. దాని అడుగున, తెలుగు అక్షరాలలో మాత్రం, రెండు వాక్యాలు రాశాను: ‘ఇది యంత్రం ఒక అక్షరాన్ని తప్పుగా చదవగా పుట్టింది. దీనిని మొదట పాడిన తల్లి చెల్లమ్మ.’

ఏదో ఒక నాడు ఎవరో ఫోను చూపి ఆ వాక్యాలు చదివించుకోవచ్చు. అప్పుడు యంత్రమే తన పుట్టుక తానే చెప్పుకుంటుంది. ఆనాటికి ఆ పాటను ఇంకెందరు తల్లులు పాడి ఉంటారో, అది నా లెక్కకు అందదు. యాప్‌ను ఏమి చేయాలో జనని తేల్చుకుంటుంది. యాప్ ఉన్నది దాని పేరు మీదే.

పుస్తకం వచ్చిన తరువాత కూడా ఊరు కుడి పేజీనే చదువుతుంది కాబట్టి, కొడుకుకూ గొడుగుకూ తేడా తెలియని మనిషి అనే పేరు నాకు పోదు. ఉండనీ.

మేడ గదికి మాత్రం నేను వెళ్లను. డాక్టరు అడుగుతారు: ఏమమ్మా, ఆ పాటలో ఉన్నది ఏమిటి? చెల్లమ్మ పక్కన కూర్చుని ఉంటే, ఆమె మనసు విరవలేక, నేను కొడుకు అనాలి. అలా అంటే నా మరపు నేనే ఒప్పుకున్నట్టు, ఈ ఇంటికి తాళం పడుతుంది. అందుకని అచ్చుకూటంనుంచే మదురైకి ఫోను చేసి నా సమయం ఈ మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. సంచి సర్దుకున్నాను. పదకొండు గంటల బస్సు.

బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారట. చూపించనీ. తలుపు వేసిన ఆ గదిలో, చెల్లమ్మకు వినిపించనంత దూరంలో, గొడుగును గొడుగని గట్టిగా చెప్పి వస్తాను.